పోయినాయన గొంతు

మా నాటకంలో మావయ్యది శవం వేషం.

మొదటి అంకంలో ఆ ఇంటిపెద్ద లోపలి గదిలో జబ్బుగా ఉంటాడు, ప్రేక్షకులకు కనిపించడు. రెండో అంకంలో పోయి, కనిపిస్తాడు. స్టేజీ మధ్య మంచం మీద ఛాతీ దాకా దుప్పటి కప్పుకుని నలభై ఎనిమిది నిమిషాలు పడుకుంటాడు. ఆయన చుట్టూ చేరి భార్య, పెద్దకొడుకు, చిన్నకూతురు ఇంటికోసం పోట్లాడుకుంటారు. అంతసేపట్లో ఆయనకు ఒక్క మాట కూడా లేదు. మా నాటక సమాజంలో అందరూ ఆయన్ని పోయినాయన అంటారు. "పోయినాయన వచ్చాడా?", "పోయినాయనకి టీ ఇచ్చారా?" అని రోజూ వినపడుతూ ఉంటుంది. మొదట్లో నాకు అదోలా ఉండేది. తర్వాత అలవాటైంది.

ఈ వేషానికి మావయ్య చాలా కష్టపడ్డాడు. ఛాతీ కదలకుండా పొట్టతో ఊపిరి తీసుకోవడం నేర్చుకున్నాడు. పెద్దకొడుకు అరిచినప్పుడల్లా హాలంతా అటే చూస్తుంది కాబట్టి ఆ క్షణంలో నిండుగా ఒక ఊపిరి పీల్చుకుంటాడు. నాటకంలో అరుపులు ఎక్కువే. ఆయనకు గాలికి లోటు లేదు. ఆట ఉన్న రోజున అన్నం సగమే తింటాడు.

"కడుపు నిండితే శవం గుర్రు పెడుతుందమ్మాయ్" అంటాడు.

"ఇంట్లో చేసేదీ అదేగా. అక్కడైతే చప్పట్లు కూడాను" అంటుంది అత్తయ్య.

నేను వాళ్ళింట్లోనే ఉంటాను. మావయ్య మా అమ్మకి తమ్ముడు. నేను మా ఊరి బళ్ళో చదువు ముగించి ఇంట్లో ఉన్నప్పుడు అమ్మ నా చేత ఆయనకు ఉత్తరం రాయించింది. ఆ ఉత్తరం తీసుకెళ్ళి మావయ్య మా దర్శకుడికి చూపించాడు. దర్శకుడు ఉత్తరంలో ఏముందో చదవలేదు. అక్షరాలు మాత్రం చూసి, "ఈ అమ్మాయిని రమ్మనండి" అన్నాడట. అలా నేను స్టేజీ మేనేజర్ని అయ్యాను. ఊళ్ళో ఎవరైనా అడిగితే అమ్మ "నాటకాల్లో వేస్తోంది" అని చెబుతుంది. నేను వెయ్యను. స్టేజీ పక్కన ప్రేక్షకులకు కనపడని సందు ఒకటుంటుంది. దాన్ని వింగు అంటాం. అక్కడ చిన్న బల్ల ముందు, నాటకం పుస్తకం తెరుచుకుని, చెవికి మైకు తగిలించుకుని కూచుంటాను. నేను "ఇప్పుడు" అంటే హాలు వెనక గదిలో ఉన్న లైట్లాయన లైటు మారుస్తాడు. నటులు మాట మర్చిపోతే నేనే అందించాలి. అందుకని కళ్ళు పుస్తకం మీద ఉండాలి, వేలు అక్షరం మీద ఉండాలి. నాకు పని నేర్పిన పెద్దావిడ, స్టేజీ మీద నిజంగా ఇల్లు తగలబడినా ముందు పేజీ తిప్పి ఆ తర్వాతే నీళ్ళకి పరిగెత్తాలని చెప్పింది.

రిపోర్టు రాయడం కూడా ఆవిడే నేర్పింది. ప్రతి ఆటకీ ఒక కాగితం. ఎన్నింటికి మొదలైంది, ఎన్నింటికి ముగిసింది, మధ్యలో పుస్తకంలో లేనిది ఏం జరిగింది. ఎందుకు జరిగిందో రాయకూడదు. పాపం అని రాయకూడదు. మర్నాడు పొద్దున తొమ్మిదింటికల్లా అది దర్శకుడి బల్ల మీద ఉండాలి. ఆయన ఆటకి రాడు. నాటకం మొదటి రోజు ఎలా ఉందో చివరి రోజూ అలాగే ఉండాలంటాడు, ఉందో లేదో నా కాగితంలో చూసుకుంటాడు.

తొమ్మిదో ఆట రిపోర్టులో నేను ఇలా రాశాను: శవం ఎడమచెయ్యి కదిలింది. రెండు సెకన్లు.

పధ్నాలుగో ఆట రిపోర్టులో: శవం తుమ్మింది. ప్రేక్షకులు నవ్వారు. చిన్నకూతురు ఏడవవలసిన చోట ఆమె కూడా నవ్వారు.

ఆ రెండోసారి అత్తయ్య నాతో వారం రోజులు ఉప్పూపప్పూ గురించి తప్ప మాట్లాడలేదు. దర్శకుడు మావయ్యని పిలిచి, మూడోసారి రాయవలసి వస్తే శవం బదులు బొమ్మని పెడతానన్నాడు. కోప్పడలేదు. అప్పటికే బొమ్మ తయారవుతోంది కూడా. స్టేజీ సామాను చూసే మేస్త్రి ఆ బొమ్మకి మావయ్య మొహమే అచ్చు తీశాడు. మావయ్య ఇరవై నిమిషాలు తడి ప్లాస్టరు కింద మెదలకుండా పడుకున్నాడు.

"చూశావా? కదిలానా?" అన్నాడు లేచాక, నాతో.

కదల్లేదు. అయితే అది ఆట కాదు కాబట్టి నేను ఎక్కడా రాయలేదు.

బొమ్మ వస్తే మావయ్యకి వేషం ఉండదు. వేషం లేని నటుడి పేరు సమాజం జాబితాలోంచి తీసేస్తారు. జాబితాలో పేరు లేనివాళ్ళు వెనక తలుపు దాటి లోపలికి రాకూడదు. మావయ్య ముప్పై నాలుగేళ్ళుగా ఆ తలుపులోంచి వస్తున్నాడు. పోస్టుమాను, నౌకరు, రెండో పోలీసు, పెళ్ళికొడుకు తరఫు మనిషి. ఎప్పుడూ రెండు మాటలు మించి లేవు. ఇప్పుడు ఆ తలుపు ఒక తుమ్ముకో దగ్గుకో మూసుకుంటుంది. అది రాయవలసింది నేను.

*

ఇరవై మూడో ఆట మధ్యాహ్నం మూడింటికి. హాలు ముప్పాతిక నిండింది. రెండో అంకం నాలుగూ ఐదుకు మొదలైంది.

ముప్పై తొమ్మిదో పేజీలో ఈగ వచ్చింది.

వచ్చి మావయ్య నుదుటి మీద వాలింది. కాసేపు కూచుంది. అక్కణ్ణించి ముక్కు దూలం మీదికి దిగి తీరిగ్గా నడవడం మొదలుపెట్టింది. నేను చూడవలసింది పుస్తకం. చూసింది ఈగని. ఆయన తుమ్మితే మూడోది అవుతుంది. ఈగ ముక్కు చివరికి చేరి, అక్కడ నిలబడి, ముందుకాళ్ళు రెండూ రుద్దుకుంది. మావయ్య కదల్లేదు. నేను ఊపిరి బిగపట్టాను. ఆ క్షణంలో మా ముగ్గురిలో సుఖంగా ఊపిరి పీలుస్తున్నది ఈగ ఒక్కటే అయివుంటుంది.

సరిగ్గా అప్పుడు హీరో దూకాడు.

పెద్దకొడుకు వేషం వేసేవాణ్ణి మేమంతా హీరో అంటాం. దూకడం అంటే ఇది. నలభై ఒకటో పేజీలో చిన్నకూతురు, "తాళాలు ఎవరి దగ్గరున్నాయి అన్నయ్యా?" అని అడుగుతుంది. పెద్దకొడుకు "నాకేం తెలుసు" అనాలి. యాభై ఎనిమిదో పేజీలో ఆమె మళ్ళీ అదే ప్రశ్న, అవే మాటల్లో అడుగుతుంది. అప్పుడతను, "కొన్నవాడి దగ్గర. ఇల్లు అమ్మేశాను" అంటాడు. నాటకమంతా ఆ మాట కోసమే నడుస్తుంది. ఈ రెంటి మధ్యా పదిహేడు పేజీలున్నాయి. తండ్రి రాసిన ఉత్తరం దొరికేది ఆ పేజీల్లోనే.

"తాళాలు ఎవరి దగ్గరున్నాయి అన్నయ్యా?" అంది చిన్నకూతురు.

"కొన్నవాడి దగ్గర. ఇల్లు అమ్మేశాను" అన్నాడు హీరో. చాలా బాగా అన్నాడు. హాల్లో రెండుచోట్ల అయ్యో అన్నారు.

చిన్నకూతురు వేషం వేసే అమ్మాయి నోరు తెరిచింది. అందులోంచి ఏమీ రాలేదు. ఈ మాట ఇక్కడ నిలిచిపోతే ఉత్తరం దొరకదు. దొరకని ఉత్తరాన్ని చివర్లో ఆమె చింపవలసి ఉంటుంది.

నా చెవిలో లైట్లాయన గొంతు వినపడింది. "ఇల్లు అమ్మేశాడుగా. లైటు మార్చాలా?"

"ఆగండి."

"ఏ పేజీలో ఉన్నాం?"

పుస్తకం చూశాను. నా వేలు ముప్పై తొమ్మిదో పేజీ మీద ఉంది. నేను రెండు పేజీలు తిప్పలేదు. ఎవరేమన్నారో, ఏ మాట అందించాలో నాకు తెలియలేదు. గబగబా తిప్పాను. రెండేసి కాగితాలు ఒకేసారి వచ్చాయి.

"తెలీదు" అన్నాను.

"నీకు తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుందమ్మా?" అన్నాడాయన. ఆ ప్రశ్నకి జవాబు స్టేజీ మీదినుంచి వచ్చింది.

"ఏడిపించకన్నయ్యా. తాళాలు పొద్దున అమ్మ చేతిలో చూశాను."

సన్నటి గొంతు. పెదవులు కదల్లేదు, దుప్పటి కదల్లేదు, ముక్కు మీద ఈగ కూడా కదల్లేదు. చిన్నకూతురు మంచం వైపు ఒక్కసారి చూసింది. తర్వాత హీరో వైపు తిరిగి, అవే మాటలు కళ్ళనీళ్ళతో అంది. "ఏడిపించకన్నయ్యా! తాళాలు పొద్దున అమ్మ చేతిలో చూశాను!" అవతలి వింగులో నిలబడి ఉన్న భార్య వేషం ఆవిడ ఆ మాట అందుకుని, నలభై రెండో పేజీలో రావలసినట్టుగానే తాళాల గుత్తి పట్టుకుని లోపలికి వచ్చింది. హీరో "నాకేం తెలుసు" అన్నాడు. కాస్త ఆలస్యంగా అన్నా అన్నాడు.

నాటకం మళ్ళీ పట్టాలెక్కింది. ఉత్తరం దొరికింది. యాభై ఎనిమిదో పేజీ వచ్చింది. హీరో ఇల్లు అమ్మేశానన్నాడు. "మళ్ళీ అమ్మాడా!" అంది ప్రేక్షకుల్లో ఒకావిడ, పైకే.

*

తెర పడగానే హీరో నా బల్ల దగ్గరికి వచ్చాడు. మొహానికి రంగు ఇంకా అలాగే ఉంది.

"ఏమ్మా, రిపోర్టు రాసేశావా?"

"ఇంకా లేదండీ."

"అదే, తొందరేముంది అంటున్నాను. చల్లగా ఇంటికెళ్ళి రాసుకో." బల్ల మీద పెన్సిలు తీసి మళ్ళీ అక్కడే పెట్టాడు. "ఇవాళ ఆట బాగానే జరిగిందనుకుంటా."

నేనేమీ అనలేదు. నేను మామూలుగానే ఏమీ అనను. అది చాలామందిని కంగారు పెడుతుంది.

"చూడు, పదహారేళ్ళుగా వేస్తున్నాను. ఒక్కసారి కూడా మాట తప్పాడని నా పేరు కాగితం ఎక్కలేదు. వచ్చే నాటకంలో పెద్దవేషం ఎవరికివ్వాలా అని ఆయన ఇప్పుడే ఆలోచిస్తున్నాడు. నేను దూకలేదనుకో. దూకకపోతే మీ మావయ్య నోరు తెరవవలసిన పనేముంది? తెరవలేదు. చచ్చినవాడు ఎక్కడన్నా మాట్లాడతాడా? నేను వినలేదు. చిన్నమ్మాయీ వినలేదు. ఏమే, విన్నావా?"

పక్కనే గాజులు తీస్తున్న చిన్నకూతురు, "ఏం వినాలో చెబితే అది వింటాను" అంది.

"విన్నావుగా? అందరం బాగుంటాం. నువ్వు కూడా" అన్నాడు హీరో, నా పుస్తకం వైపు చూసి. నేను పేజీ తప్పిన సంగతి అతనికి తెలిసే ఉంటుంది.

అతను వెళ్ళాక టిక్కెట్లు చించే ఆవిడ దగ్గరికి వెళ్ళాను. ప్రేక్షకులకు ఏం వినిపించిందో ఆవిడనే అడగాలి.

"మూడో వరుసలో ఒకాయన, శవం మాట్లాడిందేమిటే అన్నాడు. ఆయన పెళ్ళాం, ఊరుకోండి, మీకన్నీ అనుమానాలే అంది" అని చెప్పింది.

"నాలుగో వరుసలో?"

"నాలుగో వరుస వాళ్ళకి అసలు మనుషులు మాట్లాడేదే వినపడదమ్మా, రోజూ నాతో గొడవ."

ఇంటికి వెళ్ళేసరికి ఆరు. మావయ్య నాకంటే ముందే వచ్చి, మొహం కడుక్కుని, కుర్చీలో కూచుని ఉన్నాడు. నేను ఖాళీ కాగితం బల్ల మీద పెట్టుకున్నాను. అత్తయ్యకి హీరో అన్నదంతా చెప్పాను.

"ఇంకేం! దేవుడు ఆ అబ్బాయి నోట పలికించాడు" అంది అత్తయ్య. "మొదలు మూడింటికి, ముగింపు అయిదింటికి అని రాసి పడెయ్. తర్వాత వచ్చి ఆ చిక్కుళ్ళు ఒలువు."

"జరిగింది రాయాలి అత్తయ్యా."

"జరిగినవన్నీ రాస్తారా ఎవరైనా? నా పెళ్ళయినప్పట్నించి ఈ ఇంట్లో జరిగినవి రాస్తే నీ కాగితాలు చాలతాయా? ఏవండీ, మీరైనా చెప్పండి. మీ మేనకోడలు మిమ్మల్ని ఇంట్లో కూచోపెట్టేదాకా వదిలేట్టు లేదు. రోజంతా ఇంట్లో మీరు! నేనేమైపోవాలి?"

మావయ్య ఏదో లెక్క వేసుకుంటున్నవాడిలా గోడవైపు చూస్తున్నాడు.

"పదకొండు సెకన్లు ఆగాను" అన్నాడు. "నువ్వు అందిస్తావని. అందించలేదు. నిద్రపోయావేమో అనుకున్నా."

"లేదు మావయ్యా."

"మరి?"

"ఈగని చూస్తున్నాను."

ఆయన తలూపాడు. "పెద్ద ఈగ" అన్నాడు.

అత్తయ్య చిక్కుళ్ళ పళ్ళెం తనే ముందుకు లాక్కుంది.

"మర్చిపోయిన మాటైతే అందించడం తేలిక" అన్నాడు మావయ్య. "వాడు మర్చిపోలేదు. ఉన్న మాటే వేరే చోట అనేశాడు. దానికి జవాబు పుస్తకంలో ఎక్కడుంటుంది? ఉండదు. అప్పటికప్పుడు కట్టాలి. మళ్ళీ ఆ పిల్ల అనేట్టు ఉండాలి. అమ్మని లోపలికి రప్పించాలి. అన్నీ చూసుకుని అన్నాను." గొంతు సవరించుకున్నాడు. "ఇప్పుడు నువ్వు రాయకపోతే ఆ మాట ఎక్కడా ఉండదన్నమాట."

"ఉండదు."

"ముప్పై నాలుగేళ్ళు. ఎవడో రాసిచ్చిన మాట కాకుండా, నా అంతట నేను స్టేజీ మీద అన్నది అదొక్కటే."

"రాస్తే బొమ్మ వస్తుంది మావయ్యా."

"వస్తుంది."

"జాబితాలోంచి పేరు తీసేస్తారు."

"తెలుసు. నీకంటే ముందునించి ఉన్నానుగా అక్కడ." కుర్చీ నా బల్ల దగ్గరికి జరుపుకున్నాడు. "అక్షరం పొల్లుపోకుండా రాయి. ఏడిపించకు అన్నయ్యా అని విడగొట్టి రాస్తావేమో. నేను కలిపి అన్నాను."

"మతి పోయింది ఈ ఇంట్లో అందరికీ" అంది అత్తయ్య. చిక్కుడుకాయ నారతో సహా పళ్ళెంలో వేసింది.

నేను రాశాను. ఆట ఇరవై మూడు. మొదలు మూడూ నాలుగు, ముగింపు నాలుగూ యాభై నాలుగు. నలభై ఒకటో పేజీలో పెద్దకొడుకు యాభై ఎనిమిదో పేజీ మాట అన్నారు. స్టేజీ మేనేజర్ మాట అందించలేదు. ఆ సమయంలో ఆమె పుస్తకం చూడడం లేదు, శవం ముక్కు మీది ఈగను చూస్తోంది. పదకొండు సెకన్లు. శవం మాట్లాడింది: "ఏడిపించకన్నయ్యా. తాళాలు పొద్దున అమ్మ చేతిలో చూశాను." మూడో వరుస దాకా వినిపించింది. నలభై రెండో పేజీ నుంచి ఆట యథాప్రకారం జరిగింది. యాభై ఎనిమిదో పేజీలో ఇల్లు మళ్ళీ అమ్మారు.

మావయ్య కాగితం తీసుకుని రెండుసార్లు చదివాడు.

"నీ సంగతెందుకు రాశావు? ఎవరూ అడగలేదుగా."

"జరిగింది కదా."

కాగితం తిరిగి ఇచ్చేముందు తన మాట ఉన్న చోట వేలు పెట్టి ఇంకోసారి చదువుకున్నాడు.

*

మర్నాడు పదింటికి దర్శకుడు అందర్నీ స్టేజీ మీదికి పిలిచాడు. గొంతు పెంచే మనిషి కాడు. నా రిపోర్టు మొదటినుంచి చివరిదాకా పైకి చదివాడు. "ఈగను" అనే చోట ఆగి, కళ్ళజోడు సర్దుకుని, మళ్ళీ చదివాడు. హీరో నావైపు చూసిన చూపు నేను ఎక్కడా రాయలేను.

ఎవరూ పిలవకుండానే సామాను మేస్త్రి బొమ్మని భుజాన వేసుకుని వచ్చి, మావయ్య పక్క కుర్చీలో కూచోబెట్టాడు. ఒకే మొహం. ఇద్దర్లో మావయ్యే కాస్త పాలిపోయి ఉన్నాడు.

"ఇది రాయకపోతే నాకు తెలిసేదా?" అని దర్శకుడు నన్నడిగాడు.

"తెలిసేది కాదండీ."

"ఈసారి ఈగ వస్తే ఏం చేస్తావు?"

"పేజీ తిప్పుతానండీ."

"ఊఁ." మావయ్య వైపు తిరిగాడు. "మీరు ఆటని కాపాడారు. కాదనను. కానీ మూడో వరుస దాకా వినపడితే అది శవం కాదు. రేపట్నించి బొమ్మ."

"సరేనండీ" అన్నాడు మావయ్య. లేచి నిలబడ్డాడు. ఎటు వెళ్ళాలో తెలియనట్టు నిలబడ్డాడు.

"అయితే రేపట్నించి నేను రాను" అన్నాడు హీరో.

అందరం అటు తిరిగాం.

"బొమ్మ పక్కన నేను వెయ్యను. ఆయన ఉంటేనే వేస్తాను."

"ఎందుకు?" అన్నాడు దర్శకుడు.

"ఇంకేం దాచాలి? కాగితం ఎక్కనే ఎక్కింది. పరువు పోవలసింది పోయింది. ఇక మాటలైనా దక్కనివ్వండి." నా బల్ల వైపు చెయ్యి చూపించాడు. "ఈ అమ్మాయికి నిన్నటిది ఒక్కటే వినపడింది. పదో ఆటనుంచి ఆయనే అందిస్తున్నాడు నాకు. ఉత్తరం సీనులో మాటిమాటికీ ఒక ముక్క పోతుంది. మంచం మీదికి ఒంగి ఏడిచినట్టు చేస్తాను, ఆయన చెబుతాడు."

నాకు ఆ ఏడుపు గుర్తుంది. పుస్తకంలో లేదు. బాగుందని వదిలేశాను.

"ఎన్నిసార్లు?" అన్నాడు దర్శకుడు.

"ఆరుసార్లు."

"తొమ్మిది" అన్నాడు మావయ్య, నేల చూస్తూ.

"నాకు రెండుసార్లు" అంది చిన్నకూతురు.

"నాకు ఒక్కసారే. అదీ నేను అడగలేదు, ఆయనే చెప్పాడు" అంది భార్య వేషం ఆవిడ.

దర్శకుడు కళ్ళజోడు తీసి తుడిచాడు. "నీకు మాటలు మర్చిపోయే అలవాటుందని నిన్నటిదాకా ఎవరూ చెప్పలేదే" అన్నాడు హీరోతో.

"నిన్నటిదాకా రిపోర్టులో లేదు."

"బాబుగారూ," అన్నాడు సామాను మేస్త్రి, "కావాలంటే బొమ్మ పొట్టలో చిన్న స్పీకరు పెట్టొచ్చు."

దర్శకుడు ఆయన వైపు చాలాసేపు చూశాడు. మేస్త్రి బొమ్మ చొక్కా సర్దాడు.

"మీకు నాటకం మొత్తం వచ్చా?" అని దర్శకుడు మావయ్యని అడిగాడు.

"రెండో అంకం వరకేనండీ. మొదటి అంకంలో నేను లోపలి గదిలో ఉంటాను కదా, సరిగ్గా వినపడదు."

"అయితే వింగులో నిలబడి అందించండి. ఈ అమ్మాయి పక్కన. బొమ్మ మంచం మీద ఉంటుంది."

"లేదండీ" అన్నాడు మావయ్య. ఆయన దర్శకుడికి లేదని చెప్పడం నేనెప్పుడూ వినలేదు. "వింగులో అందించేవాడి పేరు నటుల జాబితాలో ఉండదు. నేను నటుణ్ణి."

"శవం వేషం నటనా?"

"మీరొకసారి ఈగని పెట్టుకుని చూడండి."

చిన్నకూతురు దగ్గింది. అది నవ్వని అందరికీ తెలుసు. దర్శకుడు రిపోర్టుని మళ్ళీ తెరిచి చూశాడు. తర్వాత మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"పడుకోండి" అన్నాడు.

మావయ్యకి అర్థం కాలేదు.

"మంచం మీద పడుకోండి. మీ గొంతు మొదటి వరుసకి కూడా చేరకూడదు. మంచం దగ్గర నిలబడ్డవాళ్ళకే వినపడాలి. అలా అనగలరేమో చూద్దాం. అనగలిగితే ఉండండి. లేకపోతే బొమ్మ."

మావయ్య చెప్పులు విప్పి పడుకున్నాడు. హీరో మంచం పక్కన మోకాళ్ళ మీద కూచుని చెవి ఒంచాడు. దర్శకుడు కిందికి దిగి మూడో వరుసలో కూచున్నాడు. నన్ను పుస్తకం తీసుకుని రెండో వరుసలో కూచోమన్నాడు.

"అనండి."

"తాళాలు పొద్దున అమ్మ చేతిలో చూశాను."

"వినపడింది" అన్నాడు దర్శకుడు.

"వినపడింది" అన్నాను నేను.

"తగ్గించండి."

మావయ్య మళ్ళీ అన్నాడు. దర్శకుడికి వినపడలేదు. నాకు 'అమ్మ' అన్నంతవరకు వినపడింది. అదే చెప్పాను. మావయ్య కళ్ళు తెరిచి నావైపు చూసి మళ్ళీ మూసుకున్నాడు. మూడోసారి అన్నాడు. 'చేతిలో' ఒక్కటి వినపడింది. అదీ చెప్పాను. మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డ మేస్త్రి చెయ్యి బొమ్మ భుజం మీదికి వెళ్ళింది.

దర్శకుడు లేచి, నన్ను ముందుకు జరగమని, తను కూడా వచ్చి మొదటి వరుసలో నా పక్కన కూచున్నాడు.

"ఇంకొక్కసారి" అన్నాడు. "ఇదే ఆఖరు."

హాలంతా నిశ్శబ్దంగా ఉంది. దుప్పటి లేదు, మావయ్య పొట్ట కొంచెం పైకి లేచి దిగింది. పెదవులు కదల్లేదు. నేను చెవులు రిక్కించాను. కావాలని వినకుండా ఉండలేదు. ఉన్న శక్తంతా పెట్టి విన్నాను. ఏమీ వినపడలేదు.

"వినపడలేదండీ" అన్నాను.

"నాకూ లేదు" అన్నాడు దర్శకుడు. "అసలు అన్నాడా?"

హీరో మంచం మీంచి తలెత్తాడు. "అన్నాడు. ఇంకా అంటూనే ఉన్నాడు."

"నీకు వినపడుతోందా?"

"బ్రహ్మాండంగా."

"ఏమంటున్నాడు? చెప్పు."

హీరో మళ్ళీ చెవి ఒంచి విన్నాడు. "తాళాల మాట అయిపోయిందండీ. ఇప్పుడు దిండు ఎత్తుగా ఉంది, మెడ పట్టేస్తోంది అంటున్నాడు. ఇరవై మూడు ఆటల్నించీ చెబుదామనుకుంటున్నాట్ట."

దర్శకుడు నావైపు తిరిగాడు. "రాసుకో" అన్నాడు.

నేను పుస్తకంలో రెండో అంకం మొదటి పేజీ తెరిచి, స్టేజీ పటంలో మంచం గీసిన చోట పెన్సిలుతో రాశాను: దిండు, రెండంగుళాలు తగ్గించాలి.